రైటు అన్న మాట ఇటాలియన్‌లోకి వెళ్ళాలంటే

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ఇవాళ ఇక్కడికి బస్సులో వచ్చినవాళ్ళు ఎంతమంది? చాలామందే ఉన్నారు. అయితే నేను మాట్లాడబోయే మాటని మీరు పొద్దున్నే కండక్టరు నోట వినే వచ్చారు. ఆయన "రైట్ రైట్" అన్నాడు, బస్సు కదిలింది. బస్సేమీ కుడివైపుకి తిరగలేదు, అక్కడ ఎవరూ తప్పొప్పుల గురించి మాట్లాడలేదు, ఎవరి హక్కుల గొడవా లేదు, అయినా డ్రైవరుకి "ఇక పోనీ" అని అర్థమైపోయింది. చూడండి, ఇంకా మొదలు పెట్టకుండానే నాలుగు అర్థాలు వచ్చేశాయి: కుడి, ఒప్పు, హక్కు, పోనీ.

నేను చాలా ఏళ్ళుగా ఇటలీలో తొరీనో ఊళ్ళో ఉంటున్నాను. ఇంగ్లీషు నుంచి ఇటాలియన్‌లోకి అనువాదం చెయ్యడం నా ఉద్యోగం. కథలూ కవితలూ కాదు, ఎక్కువగా మెషీన్ల మాన్యువల్స్, సాఫ్ట్‌వేర్, అప్పుడప్పుడు కాంట్రాక్టు కాగితాలు. ఇటాలియన్ నాకు తల్లిభాష కాదు కాబట్టి నేను రాసిన ప్రతి పేజీనీ మా ఆఫీసులో ఒక ఇటాలియన్ ఆవిడ చదివాకే బయటికి పంపుతాం. ఈ ఉపన్యాసానికి ఏదో పెద్ద పేరు పెడదామన్నారు గానీ నేనే వద్దన్నాను. నాకు ఇన్నేళ్ళలో ఎక్కువ టెన్షన్ పెట్టిన మాట ఏదంటే, అది పెద్ద పెద్ద టెక్నికల్ పదం కాదు, ఈ రైటే.

మొన్నామధ్య ఒక ఎక్సెల్ షీటు వచ్చింది. ఒక యాప్‌లో తెర మీద కనిపించే మాటలన్నీ గళ్ళలో పెట్టి పంపారు. ఈ పనిలో వాటిని స్ట్రింగులు అంటాం. అందులో ఒక గడిలో "రైట్" అని ఒక్క మాటే ఉంది. ముందేమీ లేదు, వెనకేమీ లేదు, బొమ్మ లేదు. అది కుడివైపు బాణం గుర్తు పక్కన ఉండేదైతే నేను "దెస్త్ర" అని రాయాలి. క్విజ్‌లో జవాబు కరెక్టని చెప్పేదైతే "ఎజాత్తో" అనో "జూస్తో" అనో రాయాలి. ఫైలు తెరిచే అనుమతి లాంటిదైతే "దిరిత్తో". ఇంగ్లీషు వాడు ఒక్క గడితో సరిపెట్టుకున్నాడు, ఇటాలియన్‌కి మూడు గళ్ళు కావాలి. అంతటితో కూడా అయిపోలేదు. కుడి అన్నదే అనుకున్నా, అది దేనికి కుడి? ఇటాలియన్‌లో విశేషణం పక్కనున్న నామవాచకాన్ని బట్టి మారుతుంది. పురుష లింగమైతే దెస్త్రో, స్త్రీ లింగమైతే దెస్త్ర, బహువచనంలో దెస్త్రి, దెస్త్రె. చెయ్యిని "మానో" అంటారు, చివర ఓ ఉంది కదా పురుష లింగం అనుకుంటాం, కానీ అది స్త్రీ లింగం, కాబట్టి కుడిచెయ్యి "మానో దెస్త్ర" అవుతుంది. ఇంగ్లీషులో రైట్ ఎప్పుడూ రైటే, దేని పక్కన కూర్చున్నా మారదు. ఒంటరిగా ఒక గడిలో దొరికినప్పుడు అది దేని తాలూకుదో చెప్పే ఆనవాలేదీ దాని ఒంటి మీద ఉండదు.

సందర్భం ఏమిటని ఆ కంపెనీకి రాశాను. మూడు రోజుల తర్వాత "సందర్భాన్ని బట్టి వేసెయ్యండి" అని జవాబు వచ్చింది. నేనడిగిందే ఆ సందర్భం. నిజంగా బాధేసింది.

దీన్ని పక్కన పెట్టి మీకు నా మొదటి వారం సంగతి చెబుతాను. అప్పటికి నాకొచ్చిన ఇటాలియన్ అంతా వీసా కాగితాల ఇటాలియన్. ఆ కాగితాల నిండా దిరిత్తో, దిరిత్తో. డిక్షనరీ చూస్తే "రైట్" అని ఉంది. బాగుంది, గుర్తు పెట్టుకున్నాను. పోర్తా నువోవా స్టేషన్ దిగి, పియాత్సా కాస్తెల్లో అనే చౌక్‌కి ఎలా వెళ్ళాలని ఒక పెద్దాయన్ని అడిగాను. "సెంప్రె ద్రిత్తో" అన్నాడు. ద్రిత్తో అంటే దిరిత్తోనే, నోట్లో కాస్త కుదించి పలుకుతారు. రైట్ అన్నాడు కదా అని కుడివైపు తిరిగాను. విశాలమైన రోడ్డు, చెట్లు, బాగానే ఉంది, నడుస్తూ నడుస్తూ చివరికి పో నది ఒడ్డున తేలాను. ఆయన చెప్పింది "తిన్నగా వెళ్ళిపో" అని. నిజానికి స్టేషన్ ఎదురుగా ఉన్న తోట దాటి వీయా రోమా పట్టుకుంటే ఎక్కడా తిరగక్కర్లేదు, సూటిగా ఆ చౌక్‌లోకే తీసుకెళ్ళి దింపుతుంది. తొరీనో నడిమధ్య వీధులన్నీ రోమన్ల కాలం నాటి గళ్ళ పథకం మీద పడ్డవి, గీత గీసినట్టు ఉంటాయి.

డిక్షనరీ అబద్ధం చెప్పిందా అంటే, చెప్పలేదు. దిరిత్తో అంటే రైటే, హక్కు అన్న రైటు. కుడి అన్న రైటు కాదు. పైగా దిరిత్తోకి తిన్నగా, సూటిగా అనే అర్థం కూడా ఉంది. హైదరాబాద్ వాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే ఆటో ఎక్కి "సీదా" అంటే తిన్నగా, "సీదే హాత్" అంటే కుడిచేతి వైపు. ఒకే మాట. ఆటో అన్న చెయ్యి ఎటు చూపిస్తున్నాడో చూసుకోవాలి.

ఇదంతా ఎందుకిలా అయిందో కాస్త వెనక్కి వెళ్ళి చూద్దాం, నాకు ఇది చాలా ఇష్టమైన భాగం. ఇంగ్లీషు రైట్ మొదట్లో వంకర లేనిది, తిన్ననిది అనే అర్థమున్న మాట. ఇటాలియన్ దిరిత్తో లాటిన్ "దిరేక్తుస్" నుంచి వచ్చింది, దాని అర్థమూ తిన్ననిదనే. ఈ రెంటికీ వేరు ఒకటే, సంస్కృతంలో మన "ఋజు" కూడా ఆ వేరు నుంచే మొలిచింది. ఋజువర్తన అంటాం చూడండి, నడవడిక తిన్నగా ఉండటం. అంటే రైట్, దిరిత్తో, ఋజు మూడూ దూరపు అక్కచెల్లెళ్ళు. మరి దెస్త్ర? దాని చుట్టం ఇంకొకరు, "దక్షిణ". ప్రదక్షిణ చేసేటప్పుడు దేవుణ్ణి మన కుడివైపు ఉంచుకుని తిరుగుతాం కదా. తూర్పుకి తిరిగి నిలబడితే కుడిచేతి వైపు దక్షిణం. దక్షత అంటే నేర్పు, ఇటాలియన్‌లోనూ నేర్పుని "దెస్త్రెత్స" అంటారు. కాబట్టి మనకి ఋజువూ దక్షిణమూ రెండు వేరు మాటలు, ఇటాలియన్‌కీ దిరిత్తో, దెస్త్ర రెండు వేరు మాటలు. ఇంగ్లీషు మాత్రం ఆ తిన్నని మాటనే తీసుకెళ్ళి కుడిచేతికి కూడా పెట్టేసింది. చిక్కంతా అక్కడ పుట్టింది.

ఎదుటి మాట కూడా చూడండి. ఇంగ్లీషు "రాంగ్" వెనక ఉన్నది మెలితిరిగినది, వంకరపోయినది అనే భావం. ఇటాలియన్‌లో తప్పుని, అన్యాయాన్ని "తోర్తో" అంటారు, దానర్థమూ మెలితిప్పినదనే. మనం ఎవరినీ అడగకుండానే "తిన్నగా మాట్లాడు", "తిన్నగా ఉండు", "వంకర బుద్ధి" అంటాం. తెలుగు ఈ కుటుంబం భాష కాదు, అయినా మనమూ అదే గీత గీసుకున్నాం. ఇది మొదటిసారి తట్టినప్పుడు ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు, అంత సంతోషం.

సరే, అసలు దెబ్బ తగిలిన చోటుకి వస్తాను. కుట్టు మిషను మాన్యువల్. మొదటి సగం మిషను భాగాలు. కుడిపక్కన చక్రం ఉంటుంది కదా, చేత్తో తిప్పేది, దాన్ని చెప్పడానికి ఇంగ్లీషులో "రైట్ సైడ్" అన్నారు, ఇటాలియన్‌లో "లాతో దెస్త్రో", అంటే కుడి పక్క. మాకు టెర్మ్‌బేస్ అని ఒక పదాల పట్టిక ఉంటుంది, ఒక మాటకి ఒక అనువాదం ఖాయం చేస్తే అది అందులోకి ఎక్కుతుంది, ఆ కంపెనీ వాళ్ళు దీన్నీ ఎక్కించారు. రెండో సగంలో గుడ్డ కుట్టడం మొదలైంది. అక్కడ "రైట్ సైడ్స్ టుగెదర్" అని వచ్చింది. కుట్టు వచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు. గుడ్డకి పైకి కనపడే వైపొకటి, లోపలికి పోయే వైపొకటి ఉంటాయి. ఇక్కడి టైలర్లు సీదా, ఉల్టా అంటారు. రెండు ముక్కల పైవైపులు ఒకదానికొకటి ఆనించి, లోపలివైపు నుంచి కుట్టి, తర్వాత తిరగేస్తే కుట్టు లోపలికి పోతుంది. ఇటాలియన్‌లో ఆ పైవైపు పేరు "ద్రిత్తో", లోపలివైపు పేరు "రొవేషో". కుట్టేవాళ్ళు చెప్పే మాట "ద్రిత్తో కోంత్రో ద్రిత్తో". నేనూ అదే రాశాను.

రాస్తే మా సాఫ్ట్‌వేర్ ఎర్రగీత పెట్టింది, పట్టికలో ఉన్న మాట వాడలేదని. నేను పక్కన నోట్ రాసి పంపించాను. కానీ ఆ కంపెనీలో చివరి చూపు చూసేవాళ్ళెవరో, "అన్నిచోట్లా ఒకే మాట ఉండాలి" అనే నియమం పట్టుకుని, నా ద్రిత్తోలన్నిటినీ లాతో దెస్త్రోలుగా మార్చేసి అచ్చుకి పంపేశారు. పుస్తకం నా చేతికొచ్చాక తెరిచి చూశాను. "రెండు గుడ్డల కుడి పక్కలను ఒకదానికొకటి ఆనించండి" అని ఉంది. ఇప్పుడే కుట్టు నేర్చుకుంటున్న అమ్మాయి ఒకతి ఆ మిషను కొనుక్కుని, రెండు ముక్కలు పట్టుకుని, కుడి అంచుకి కుడి అంచు తెచ్చి కలుపుతుంది, ఎంత చూసినా బొమ్మలో ఉన్నట్టు రాదు, తనకే చేతకావట్లేదు అనుకుంటుంది. ఆ అమ్మాయిని నేను చూడలేదు, చూడబోను కూడా, కానీ నాకు ఆ పుస్తకం గుర్తొచ్చినప్పుడల్లా ఆమే గుర్తొస్తుంది. ఒకే మాటని అన్నిచోట్లా వాడటం చాలాసార్లు మంచి నియమమే, నేనూ పాటిస్తాను. కానీ ఇక్కడ ఒకటిగా ఉన్నది ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే. వస్తువులు రెండు.

మా ఆఫీసు ఆవిడ ఆ రోజు తన సంచీలోంచి అల్లిక తీసి చూపించింది. ఉన్ని అల్లేటప్పుడు వేసే రెండు రకాల కుట్లకీ అవే పేర్లు, దిరిత్తో, రొవేషో. టెన్నిస్‌లో ఫోర్‌హ్యాండ్ దిరిత్తో, బ్యాక్‌హ్యాండ్ రొవేషో. ప్రతి పతకానికీ వెనకవైపు ఒకటుంటుందని వాళ్ళకి సామెత, అందులోనూ రొవేషోనే. "వీటిలో ఒక్కదానికీ కుడిచేత్తో పని లేదు, ఎడమచేతి వాటం వాళ్ళకి కూడా ఫోర్‌హ్యాండ్ దిరిత్తోనే" అంది. అన్నట్టు, ఎడమచేతి వాటం మనిషిని "మంచీనో" అంటారు. మన చెవికి మంచిగా వినిపిస్తుంది, కానీ లాటిన్‌లో ఆ మాట వెనక ఉన్నది చెయ్యి చెడిందనే భావం.

చిన్న చిన్నవి గబగబా చెప్పేస్తాను. రైట్ యాంగిల్‌ని "ఆంగొలో రెత్తో" అనాలి. ఎవరైనా "ఆంగొలో దెస్త్రో" అని రాస్తే అది కుడి మూల అవుతుంది, ఎందుకంటే ఆంగొలో అంటే కోణమూ, మూలా రెండూ. రైట్ హియర్ అంటే "ప్రోప్రియో క్వీ", సరిగ్గా ఇక్కడే. రైట్ అవే అంటే "సూబితో". వాక్యం చివర "రైట్?" అంటే "వేరో?", మన "కదా?". క్లాసులో లెక్చరరు "రైట్" అని మొదలుపెడితే అది "అల్లోర", మన "సరే మరి". రోడ్డు మీద రైట్ ఆఫ్ వే అంటే "ప్రెచెదెంత్స", ఎవరు ముందు వెళ్ళాలో చెప్పేది. అదే మాట పొలం కాగితాల్లో వస్తే దారి హక్కు, అప్పుడు మళ్ళీ దిరిత్తో. సముద్రంలో రైట్ వేల్ అనే తిమింగలం ఉంది, వేటకి అనువైనది కాబట్టి వేటగాళ్ళు ఆ పేరు పెట్టారని చెబుతారు. దాన్ని ఇటాలియన్‌లో కుడి తిమింగలం అనీ అనరు, సరైన తిమింగలం అనీ అనరు, "బలేన ఫ్రాంక" అంటారు. ఇలాంటిది తెలిసి ఉండాలి, ఊహించి రాయలేం.

కాంట్రాక్టుల దగ్గరికొస్తే ఇంకో రకం కష్టం. బహువచనంలో "రైట్స్" అని ఉంటే హాయి, దాదాపు ఎప్పుడూ హక్కులే. 1948 డిసెంబరు 10న పారిస్‌లో ఆమోదించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో, మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛాజీవులు, గౌరవంలోనూ హక్కుల్లోనూ సమానులు అని ఉంది కదా, ఇటాలియన్‌లో అక్కడ "దిరిత్తి" అని పడుతుంది, ఏ తగాదా లేదు. కానీ దిరిత్తో అనే మాటకి సొంతంగా ఇంకో బరువు ఉంది. ఇంగ్లీషులో లా అన్నదానికి ఇటాలియన్‌లో రెండు మాటలు: పార్లమెంటు చేసిన ఒక చట్టమైతే "లెజ్జె", మొత్తం న్యాయవ్యవస్థ, న్యాయశాస్త్రం అయితే "దిరిత్తో". అంటే హక్కూ, ఆ హక్కునిచ్చే శాస్త్రమూ ఒకే పేరుతో తిరుగుతాయి. వాళ్ళ లాయర్లు కలగాపులగం కాకుండా శాస్త్రాన్ని "దిరిత్తో ఒజ్జెత్తీవో", హక్కుని "దిరిత్తో సొజ్జెత్తీవో" అని విడదీసి చెప్పుకుంటారు. మన ధర్మం అనే మాటని ఇంగ్లీషులో పెట్టడానికి పడే పాట్లు గుర్తు తెచ్చుకోండి.

కాపీరైట్ తీసుకుందాం. ఇంగ్లీషు పేరులో ఉన్నది కాపీ, నకలు తీసే హక్కు. ఇటాలియన్‌లో "దిరిత్తో దౌతోరె", రచయిత హక్కు. పేరులోనే మనిషి ఉన్నాడు. ఇది పేరు తేడాయే అనుకుని చాలాకాలం ఒకదాని బదులు ఇంకొకటి పెట్టేదాన్ని. తర్వాత ఒక లాయరు చెప్పాడు, ఇటలీ 1941 నాటి 633వ నంబరు చట్టం ప్రకారం రచయిత డబ్బు హక్కులన్నీ అమ్ముకున్నా, "ఇది నేను రాసింది" అని చెప్పుకునే నైతిక హక్కు మాత్రం అమ్ముడుపోదు, వదులుకోవడానికి కూడా వీల్లేదు. బ్రిటన్‌లో 1988 చట్టం ఆ హక్కుని రాతపూర్వకంగా వదులుకోవచ్చంటుంది. ఇప్పుడు ఇంగ్లీషు కాంట్రాక్టులో "రచయిత నైతిక హక్కులు వదులుకుంటున్నాడు" అని వాక్యం వస్తే, దాన్ని ఇటాలియన్‌లో ఎంత చక్కగా రాసినా ఆ వాక్యానికి అక్కడ నిలబడే నేల లేదు. అలాంటప్పుడు నేను అనువాదం చేసి, కింద ఒక నోట్ రాసి, మీ లాయరుకి చూపించండి అంటాను. నోట్లు రాస్తే విసుక్కునేవాళ్ళున్నారు. విసుక్కోనివ్వండి, రాయండి.

ఒక్కోసారి ఏమీ చెయ్యలేం, అదీ చెప్పాలి. "టూ రాంగ్స్ డోంట్ మేక్ ఎ రైట్" అనే ఇంగ్లీషు సామెతకి ఇటాలియన్‌లో చక్కటి జోడీ ఉంది, రెండు తోర్తోలు కలిసి ఒక "రజోనె" కావని. రజోనె అంటే న్యాయం మనవైపు ఉండటం. కానీ ఇంగ్లీషు వాళ్ళు దానికి తోక తగిలించారు: "కానీ మూడు లెఫ్ట్‌లు కలిస్తే ఒక రైట్ అవుతుంది" అని. మూడుసార్లు ఎడమకి తిరిగితే కుడికి తిరిగినట్టే కదా. ఈ తోక ఇటాలియన్‌లోకి రాదు. రజోనె దగ్గర మొదలైన వాక్యం దెస్త్ర దగ్గరికి గెంతలేదు. తెలుగులోకీ రాదు. అక్కడ వేరే హాస్యం ఏదైనా దొరుకుతుందేమో వెతుక్కోవాలి, దొరక్కపోతే వదిలెయ్యాలి.

(ప్రేక్షకుల్లోంచి ప్రశ్న: ఇప్పుడు మెషీన్ ట్రాన్స్‌లేషన్ వచ్చింది కదా మేడమ్, ఇవన్నీ అదే చూసుకోదా?)

మంచి ప్రశ్నే అమ్మా. పూర్తి వాక్యం ఇస్తే ఇప్పుడవి బాగానే చేస్తున్నాయి, రైట్ యాంగిల్‌ని కుడి కోణం అనే రోజులు పోయాయి. నేనూ వాడతాను. కానీ ఇందాకటి గడిలో ఒక్క మాటే ఉంది, మెషీన్‌కీ నాకూ అందిన సమాచారం ఒకటే. తేడా ఏమిటంటే నేను ఉత్తరం రాసి అడగగలను, జవాబు సరిగ్గా రాకపోతే మళ్ళీ అడగగలను. కుట్టు మిషను పుస్తకంలో తప్పు చేసింది మెషీన్ కాదు, ఎర్రగీతని నమ్మిన మనిషి.

అడగడం గురించి ఇంకొక్క సంగతి చెప్పి కూర్చుంటాను. పో నది మైదానంలో పాల డెయిరీలు ఎక్కువ, వాటిలో మన పంజాబీ వాళ్ళు చాలామంది పనిచేస్తారు. ఒకసారి అలాంటి ఒక అబ్బాయికి దుబాసీగా, కార్మికులకి సలహాలిచ్చే ఒక చిన్న ఆఫీసుకి వెళ్ళాను. జీతం చీటీ బల్ల మీద పెట్టాడు. ఓవర్‌టైమ్ అంకె మీద వేలు పెట్టి, ఇంగ్లీషులో "దిస్ ఈజ్ రైట్, నో?" అన్నాడు. నేను వెంటనే "ఎ జూస్తో?" అని ఇటాలియన్‌లో అడిగాను. అవతల కూర్చున్నాయన కాలిక్యులేటర్ తీశాడు, గంటలు, రేటు, గుణించాడు, "జూస్తో" అన్నాడు. లెక్క కరెక్టే. చీటీ మడిచి వెనక్కిచ్చాడు, కళ్ళజోడు తీసేశాడు. పని అయిపోయినట్టే.

అబ్బాయి మాత్రం లేవలేదు. వేలు ఇంకా ఆ చీటీ మీదే ఉంది. అప్పుడు నాకనిపించింది, నేను తొందరపడ్డాను. జూస్తో అంటే లెక్క సరిపోవడమూ అవుతుంది, న్యాయంగా ఉండటమూ అవుతుంది, కానీ హక్కు మాత్రం కాదు. హిందీలో అడిగాను, "సహీ హై పూఛ్ రహే హో, యా హక్ హై?" అని. లెక్క కరెక్టా అని అడుగుతున్నావా, ఇది నీ హక్కా అని అడుగుతున్నావా?

"హక్, మేడమ్" అన్నాడు. "ఆదివారాలు కూడా చేశాను. ఆదివారానికి ఎక్కువ రావాలి కదా?"

ఆ హక్ మన హక్కే, అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకీ వచ్చిన మాటే. నేను ఆయన వైపు తిరిగి, ఈసారి "దిరిత్తో" అన్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, లేచి వెళ్ళి అలమరలోంచి వాళ్ళ ఒప్పందం ఫైలు తీసుకొచ్చి, ఆదివారాల పేజీ తెరిచాడు.